పాతిన రాట, నిలిపిన స్తంభం

గుడివాడ చుట్టుపక్కల పాత ఊళ్లలో పెద్ద రైతు ఆవరణలో రెండు కట్టడాలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి పశువుల పాక: తాటి రాటలు నేలలో పాతి, దూలమూ వాసాలూ వేసి, తాటాకో గడ్డో కప్పినది. రెండోది మండువా లోగిలి: టేకు స్తంభాలను రాతి దిమ్మల మీద నిలిపి, దూలాలు బిగించి, పెంకు నేసినది. ఈ తేడాను కలిమిలేముల తేడాగా చెప్పి ఊరుకోవడం పరిపాటి. అది సగం మాటే. లోగిలి కట్టించిన రైతే ఆ పక్కన పాకను పాకగానే ఉంచాడు. దిగువ కృష్ణా డెల్టాలో కట్టడం తీరును ముందు నేల, ఆ తర్వాత కాలువలు నిర్ణయించాయనీ, పల్లెల్లో మండువా వ్యాపించింది కాలువ పడవ మోసుకొచ్చిన సరుకుతోనేననీ నా వాదన.

ఇక్కడి నేలంతా నది తెచ్చి పోసిన మట్టి. ఎంత తవ్వినా రాయి తగలదు. రాయి కావాలంటే బెజవాడ కొండలే దిక్కు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. సముద్రం వైపు పోయేకొద్దీ ఉప్పు, అన్నిచోట్లా చెద. మామూలు కర్ర పాతితే మొదలు త్వరగా పుచ్చిపోతుంది. ముదురు తాటిమాను చాలాకాలం తట్టుకుంటుంది. దాని చేవంతా బెరడు పక్కనే ఉంటుంది, నడిమి భాగం మెత్తన. అందుకే తొలిస్తే దోనె అవుతుంది, చీలిస్తే వాసాలవుతాయి. నడుమ పస లేని కర్రలో అతుకు కోసం లోతుగా కుసి తీయడం మాత్రం కుదరదు, పీచు వెంట చీలిపోతుంది. కాబట్టి పాకలో అతుకులన్నీ తాళ్ల కట్లే. కట్టు కదులుతుంది గనుక బిగువు మట్టి నుంచి రావాలి. ఎడ్లు రాసుకున్నా గాలి తోసినా పాకను నిలబెట్టేది రాట పాతిన లోతే. పెళ్లిపందిరికీ ఇదే లెక్క. రాట పాతడానికి ముహూర్తం పెట్టడంలో ఈ ఎరుక కూడా ఉందేమో. ఆ ఆచారానికి వేరే అర్థాలు చెప్పేవారూ ఉన్నారు.

లోగిలి బిగువు అతుకుల్లో ఉంది. స్తంభం రాయి మీద నిలుస్తుంది గనుక చెదకూ చెమ్మకూ సులువుగా అందదు. ఒరగకుండా దూలాలూ గోడలూ పట్టుకుంటాయి. ఇందుకు కుసి నిలిచే టేకు, అడుగున రాయి కావాలి. రెండూ ఇక్కడివి కావు. 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట ఈ చిక్కు విప్పింది. ఆనకట్ట అనగానే మనకు సాగునీరే గుర్తొస్తుంది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ మాత్రం కాలువను పడవల దారిగా కూడా చూశాడు. బందరు కాలువ బెజవాడను రేవుతో కలిపింది. ఏలూరు కాలువ కృష్ణా కాలువలను గోదావరి కాలువలతో కలిపింది. మన్యం నుంచి తెప్పలుగా రాజమండ్రికి దిగే టేకు నీటి మీదే ఈ సీమకు రావడానికి దారి ఏర్పడింది. వానాకాలం రేగడి బాటలో దూలాన్ని బండి మీద లాగించిన వాళ్లకు ఆ మార్పు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా టేకు కొనే డబ్బును కూడా ఆ కాలువ కింద పండిన వరే ఇచ్చింది. ఈ మార్పు రైలు తెచ్చినది కాదు, బందరుకు రైలు వచ్చింది 1908లో.

కాలువలకు ముందు బందరులో టేకు లేదా అని అడగవచ్చు. ఉంది. డచ్చివాళ్లు 17వ శతాబ్దం తొలి ఏళ్లలోనే, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ కోఠీలు పెట్టారు. నర్సాపురం వైపు ఓడలే కట్టేవారు, అక్కడి కలప సముద్రం మీద రావడం కష్టం కాదు. ఇంకా వెనక్కి పోతే ఘంటసాల స్తూపానికి రాతి పలకలూ వచ్చాయి. ఇవన్నీ వర్తకమో, బౌద్ధ సంఘమో తెప్పించుకున్నవి. 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్వోల్డ్ అంత పేరున్న రేవునే గోడ లేని, నాసిగా కట్టిన ఊరుగా వర్ణించాడు. రేవే అలా ఉంటే లోపలి పల్లెకు టేకు స్తంభం అందేదనుకోవడం కష్టం.

గట్టి అభ్యంతరం దివిసీమ నుంచి వస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో పాకలు ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి, సుమారు 10,000 మంది పోయారు. పాతిన రాట చేతగానిదని తేలలేదా అంటారు. ఆ రోజు ఎక్కువగా చంపింది నీరు. 5 మీటర్ల అలలో పాక నిలిచినా లోపలి మనిషి నిలవడు, మామూలు గోడల ఇల్లూ కాపాడదు. కావలసింది ఎత్తు, అందుకే తర్వాత వచ్చిన తుపాను షెల్టర్ల అవసరం గురించి పేచీ లేదు. అయితే దివిలో అప్పటికీ అన్ని పాకలు ఎందుకున్నాయి? కూలీల, జాలరుల పేదరికం ఒక కారణం, కాదనను. రెండో కారణం భూగోళం: దివి నది పాయల నడుమ చిక్కిన లంక. ఆనకట్ట కట్టాక ఎన్నో దశాబ్దాలకు, పులిగడ్డ అక్విడక్టు వచ్చాకే కాలువ నీరు ఏటి పాయ దాటి అటు వెళ్లింది. గుడివాడకు వరినీ టేకునూ తెచ్చిన దారి దివికి ఆలస్యంగా, అరకొరగా అందింది.

పశువుల కొట్టానికి ఇప్పుడు తాటాకు బదులు రేకు, తాటి రాట బదులు సిమెంటు స్తంభం వేస్తున్నారు. ఆ స్తంభాన్ని కూడా నేలలో పాతే నిలుపుతున్నారు.