కథల గంటకు ఎవరి పిల్లలు వెళ్లాలి?

రంగుల విగ్గు, తళుకుల గౌను, ఇంత పొడుగు కనురెప్పలు. ఆ అలంకరణతో కుర్చీలో కూర్చున్న మనిషి బొమ్మల పుస్తకాన్ని పిల్లలవైపు తిప్పి పట్టుకుని కథ చదువుతుంటారు. కింద తివాచీ మీద బుడతలు, వాళ్లను ఒళ్లో పెట్టుకుని అమ్మానాన్నలు. మధ్యలో ఓ పాట. అమెరికా పబ్లిక్ లైబ్రరీల్లో ‘డ్రాగ్ స్టోరీ అవర్’ అంటే ఇదే. రచయిత్రి మిషెల్ టీ తాను తల్లయ్యాక చేసిన ఆలోచన ఇది. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది.

మగవాళ్లు స్త్రీ వేషం కట్టడం మనకు కొత్త కాదు. నాటకాల్లో సత్యభామగా పేరు మోగించిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. కానీ డ్రాగ్ వేరు. అది గే బార్లలో, క్లబ్బుల్లో పెరిగిన కళ. కొందరు తల్లిదండ్రుల అభ్యంతరమూ అక్కడే. ఆ భయాన్ని నేను తీసిపారేయను.

అసలు ఒకప్పుడు అమెరికా లైబ్రరీలు చాలావాటిలో చిన్నపిల్లలకు ప్రవేశమే లేదు. 19వ శతాబ్దం చివర్లో పిల్లల గదులు తెరిచారు, కథల గంటలు పెట్టారు. వయసు చూసి పాఠకుణ్ని ఆపకూడదన్న మాటను అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1967లో తన హక్కుల పత్రంలో చేర్చింది. పిల్లలు ఏం చదవకూడదో చెప్పే అధికారం తల్లిదండ్రులదేననీ, అదీ సొంత పిల్లల విషయంలోనేననీ 1972లో స్పష్టం చేసింది.

ఈ గొడవంతటికీ జవాబు ఆ రెండో ముక్కలో ఉంది.

2022 జూన్‌లో కాలిఫోర్నియాలోని శాన్ లొరెంజో లైబ్రరీలో కథ జరుగుతుండగా ప్రౌడ్ బాయ్స్ అనే తీవ్ర మితవాద ముఠా లోపలికి చొరబడి, చదువుతున్న కళాకారిణిని తిట్టిపోసింది. ఎదురుగా పసిపిల్లలున్నారు. పిల్లల రక్షణ పేరు చెప్పి పిల్లల్నే బెదరగొట్టడం ఏం న్యాయం? మరుసటి ఏడాది మోంటానా రాష్ట్రం పబ్లిక్ లైబ్రరీల్లో, బడుల్లో ఇలాంటి కథల గంటల్ని నిషేధిస్తూ చట్టమే చేసింది. ఫెడరల్ జడ్జి దాని అమలును ఆపారు.

మరో సంగతి. 2022 డిసెంబరులో నటుడు కిర్క్ కామెరాన్ తన క్రైస్తవ విశ్వాసపు పిల్లల పుస్తకాన్ని ఇండియానాపొలిస్ పబ్లిక్ లైబ్రరీలో చదివితే జనం కిటకిటలాడారు. డ్రాగ్ వద్దనుకున్న కుటుంబాలకూ లైబ్రరీ తలుపు తెరిచే ఉందన్నమాట. ఆ తలుపు ఒకరికి మూస్తే రేపు రెండోవారికీ మూసుకుంటుంది.

లైబ్రరీకీ ఒక బాధ్యత ఉంది. ఎవరు చదువుతారో, ఏ వయసు పిల్లలకో ప్రకటనలోనే రాయాలి. తెలియక వచ్చి ఇబ్బందిపడే పరిస్థితి ఏ తల్లికీ రాకూడదు.

అమెరికాలో పిల్లల్ని కథల గంటకు తీసుకెళ్లే మన తెలుగువాళ్లకు నా మనవి: ముందుగా ఆ నెల కార్యక్రమాల పట్టిక చూడండి. మీ పాపకు ఇష్టమైతే తీసుకెళ్లండి, మీకు వద్దనిపిస్తే మానేయండి. పక్కింటి పాప సంగతి మాత్రం వాళ్లమ్మకు వదిలేయండి.