గ్రిమేస్

పచ్చి చింతకాయ కొరికితే కళ్లు మూసుకుపోయి, మూతి ఓ పక్కకు పోతుంది చూడండి, దాన్నే ఇంగ్లీషులో గ్రిమేస్ అంటారు. మనం మొహం చిట్లించడం అంటాం. 17వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి దిగిన మాట. మొహానికి పెట్టుకునే ముసుగును సూచించే పాత జర్మానిక్ పదానికి ఇది చుట్టమని చెబుతారు.

1971లో అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ ఓ ఊదారంగు బొమ్మకు ఈ పేరు పెట్టింది. అప్పటికి పేరు సరిపోయింది. నాలుగు చేతుల 'దుష్ట గ్రిమేస్' అతడు. పనల్లా మిల్క్‌షేకులు ఎత్తుకుపోవడమే. కొద్దికాలానికే రెండు చేతులు తీసేశారు, 'దుష్ట' కూడా ఎగిరిపోయింది. మిగిలింది బూరెబుగ్గల అమాయకుడు, ఎప్పుడూ నవ్వుమొహమే. పేరు మార్చాలని మాత్రం ఎవరికీ తోచినట్టు లేదు!

2023 జూన్‌లో అతగాడి పుట్టినరోజంటూ కొన్నాళ్లే దొరికే ఊదా షేక్ అమ్మారు. టిక్‌టాక్ కుర్రకారు 'హ్యాపీ బర్త్‌డే గ్రిమేస్' అని ఓ గుక్క తాగడం, మరుక్షణం మూతినిండా ఊదారంగుతో నేలమీద పడున్నట్టు నటించడం. పేరుకు తగ్గ మొహాలు మళ్లీ అప్పుడే కనబడ్డాయి, కాకపోతే తాగినవాళ్లవి.