బురద గాలా? బావి గ్యాసా?



కోనసీమలో ఉద్యోగం చేసిన మనవాళ్ళెవరూ 1995 జనవరి 8ని మరచి ఉండరు. ఆ రోజు పాశర్లపూడి దగ్గర దేవర్లంకలో గ్యాస్ బావి అంటుకుంది. మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు.

ఆ మంట ఎక్కడిదో ఎవరినీ అడగనక్కరలేదు. కంటికి కనిపించని గ్యాసుతోనే చిక్కు. ఆ తరువాత కొన్నాళ్ళకు ఒక రైతు మా ఆఫీసుకు అర్జీ తెచ్చాడు. తన పొలం బోదెలో బుడగలు వస్తున్నాయనీ, నారు పసుపుబారుతోందనీ, పక్కన పోయే పైపే కారుతోందనీ ఫిర్యాదు. సంబంధిత సంస్థ (పేరు ఇక్కడ అనవసరం) "అది బురదలో పుట్టే గాలి" అని రెండు వాక్యాల్లో జవాబిచ్చింది. ఎవరిది నిజమో తేల్చే దారి మాకు తెలియలేదు. ఫైలు మీద ఎల్.డిస్. అని రాసింది ఈ చేయే.

తేల్చే విద్య అప్పటికే ఉందని రిటైరయ్యాక చదివి తెలుసుకున్నాను. కార్బన్‌లో నూటికి 99 పాళ్ళు తేలికైన 12 రకం, ఒక పాలు కాస్త బరువైన 13 రకం. చికాగోలో హార్మన్ క్రెయిగ్ అనే ఆయన చెట్లలో, రాళ్ళలో, వాయువుల్లో ఈ పాళ్ళు ఎలా మారతాయో కొలిచి 1953లోనే ప్రకటించాడు. దక్షిణ కెరొలినాలో దొరికిన ఒక శిలాజపు సున్నాన్ని కొలతకు సున్నగా పెట్టుకున్నారు. దానితో పోలిస్తే, వరిమడి బురదలో సూక్ష్మజీవులు పుట్టించే మీథేన్‌లో 13 రకం వెయ్యికి సుమారు 60 పాళ్ళు తక్కువ. వేల అడుగుల లోతున లక్షల ఏళ్ళు ఉడికిన గ్యాసులో మామూలుగా 30 నుంచి 50 పాళ్ళే తక్కువ. పైగా లోతు గ్యాసులో ఈథేన్, ప్రొపేన్ కలిసి ఉంటాయి. బురద గాలిలో అవి దాదాపు ఉండవు. కార్బన్-14 ఇంకో సాక్షి: అది 5,730 ఏళ్ళకోసారి సగమవుతుంది గనుక పాత గ్యాసులో మిగలదు, మొన్నటి గడ్డి కుళ్ళిన గాలిలో ఉంటుంది.

అయితే లోతు గ్యాసు అని తేలినంత మాత్రాన పైపుదే తప్పనలేం. హైదరాబాదు జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వారు తాటిపాక, పాశర్లపూడి మట్టిని పరీక్షించి, లోతునుంచి వాయువులు సహజంగానే స్వల్పంగా ఊరే సూచనలు చూశారు. కాబట్టి బోదె బుడగను, పైపులోని గ్యాసును పక్కపక్కన పెట్టి కొలవాలి. రెండు సీసాల పని! ఆ రైతు ఓడిపోయేవాడేమో కూడా.

2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపు గ్యాస్ అంటుకుని ఇరవై మందికి పైగా పోయినప్పుడు నాకు ఆ ఫైలే గుర్తుకొచ్చింది. ఎల్.డిస్. కాగితాలు ఏడాది దాటితే చించేస్తారని మనకు తెలియనిది కాదు. ఆ రైతు ఊరు జ్ఞాపకం ఉంది, సర్వే నంబరు లేదు.