జయపురం లక్షలు, కోరాపుట్ రాళ్లు

మన సైన్సు కాలేజీ పేరులోని జె.వి.డి. ఎవరని అడిగితే నేటి విద్యార్థుల్లో ఎందరు చెబుతారో! జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు ఏటా లక్ష రూపాయలిచ్చి నిలబెట్టిన కాలేజీ అది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ల సంచికలో ఆ ఋణం తలుచుకోకపోతే ఎలా? ఆ జయపురం ఇప్పుడు ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలోదే. రాయగడ 1992లో కోరాపుట్ నుంచి వేరుపడింది.

ఆ విశ్వవిద్యాలయంలో భూభౌతికశాస్త్ర విభాగం 1949లో మొదలైంది. దానికి వేరే ప్రయోగశాల వెతకనక్కర్లేదు, అనంతగిరి ఘాటు ఎక్కి ఆ కోరాపుట్ వైపు వెళితే చాలు. కోరాపుట్ దగ్గర భూ అయస్కాంత క్షేత్రం దాదాపు 44 వేల నానోటెస్లాలు. కింద మాగ్నెటైటు అనే అయస్కాంత ఖనిజం ఉన్న రాయి ఉంటే ఆ అంకె వందల్లో మారుతుంది. ఇక్కడి చార్నకైటు రాళ్లలో ఆ ఖనిజం ఎక్కువ, గార్నెట్, సిల్లిమనైటు నిండిన ఖొండలైటు రాళ్లలో సాధారణంగా తక్కువ. పైన మట్టి కప్పేసినా రెంటి సరిహద్దు క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటరుకు దొరుకుతుంది.

చిక్కల్లా అక్షాంశంతోనే. కెనడాలాంటి చోట రాయి నెత్తిమీదే గరిష్ఠం వస్తుంది. ఇక్కడ క్షేత్రం క్షితిజానికి పాతిక డిగ్రీల దరిదాపుల్లో వాలి ఉంటుంది కాబట్టి తూర్పు పడమరలుగా సాగిన రాయికి ఉత్తరాన పెద్ద కనిష్ఠం, దక్షిణాన చిన్న గరిష్ఠం పడతాయి. ఉత్తరాది దేశాల పుస్తకమే నమ్ముకున్నవాడు బోరు వేయాల్సిన చోట వేయడు. మనవాళ్లు లెక్కల మీద అంత పట్టు సాధించడానికి ఇదే కారణమని నా అనుమానం. మన విభాగపు ఐ.వి. రాధాకృష్ణమూర్తిగారు గురుత్వ, అయస్కాంత కొలతల విశ్లేషణపై రాసిన గ్రంథాన్ని 1998లో జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా వేసింది.

సర్వేలో బెల్టు బకిలూ తాళంచెవులూ దూరంగా పెట్టాలి. పగటిపూట క్షేత్రం పదుల నానోటెస్లాలు ఎక్కి దిగుతుంది, బేస్ స్టేషన్ రీడింగులు చూసి దాన్ని తీసేయాలి. కోరాపుట్-రాయగడ రైలు పట్టాల పక్కన కొలిచి లాభం లేదు. లోతుకూ ఒక హద్దుంది: 580 డిగ్రీల సెల్సియస్ దాటితే మాగ్నెటైటు తన అయస్కాంతత్వం పోగొట్టుకుంటుంది. అంత వేడి ఉండే లోతు ఎక్కడుందో అంచనా కడితే భూపటలంలో వేడి ఎలా పెరుగుతోందో తెలుస్తుంది.

మాగ్నెటోమీటరుతో బాక్సైటు పట్టుకోవచ్చా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పట్టుకోలేం. దమన్‌జోడి దగ్గర పంచపట్మలి మీదున్న బాక్సైటులో అయస్కాంతానికి అందేది పెద్దగా లేదు. పైగా అక్కడి లేటరైటులోని ఇనుప ఖనిజాలు రీడింగులను గజిబిజి చేస్తాయి. వాటిని వడకట్టాకే కింద ఖొండలైటు ఎక్కడ ఆగి చార్నకైటు ఎక్కడ మొదలైందో పటంలో బయటపడుతుంది.