రసీదు మహాత్మ్యం

అడగందే అమ్మైనా పెట్టదన్నారు పెద్దలు. అడిగితే అందరూ పెడతారా అంటే, ఆ సంగతి మాత్రం వాళ్లు చెప్పలేదు. అమ్మను అడగడానికి ఏ విద్యా అక్కర్లేదు. ఊళ్లోవాళ్లను అడగడానికి మటుకు కాస్త విద్య కావాలి. తన కోసం అడిగితే దాన్ని ముష్టి అంటారు. నలుగురి కోసం అడిగితే చందా అంటారు. చేయి చాపడం రెండింటికీ ఒకటే. తేడా అంతా ఆ రెండో చేతిలో ఉన్న రసీదు పుస్తకంలో ఉంది.

చందా అనే మాట పారశీకంలో పుట్టి, ఉర్దూ మీదుగా మన గుమ్మంలోకి వచ్చింది. మాట బయటిదే గాని పని మనకు కొత్త కాదు. వినాయక చవితికి వారం రోజుల ముందు గుంపుగా వచ్చి, "అంకుల్, పక్కింటాయన అయిదొందలు రాశారండీ" అని పుస్తకం ముందుకు తోసే కుర్రాళ్లను ఎరగని గృహస్థు మన దేశంలో ఉండడు. పక్కింటాయన నిజంగా రాసింది యాభయ్యేనని తరవాత తెలుస్తుంది. అదలా ఉంచండి. పక్కవాడి పేరు చూపించి అడగాలన్న రహస్యం ఆ కుర్రాళ్లకు ఎవరు నేర్పారో గాని, పెద్ద పెద్దవాళ్లు కూడా అదే దారి తొక్కారు.

1894 ఆగస్టులో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో భారతీయుల హక్కుల కోసం ఒక సంస్థ పెట్టారు. పేరు నేటాల్ ఇండియన్ కాంగ్రెస్. కార్యదర్శి ఇరవయ్యైదేళ్లయినా నిండని ఒక బారిస్టరు కుర్రాడు. ఆయనే తరవాత మన గాంధీగారు. ముందుగా అబ్దుల్లా సేఠ్ నెలకు రెండు పౌన్లు ఇస్తానని రాశాడు. గాంధీగారు తనూ నెలకు ఒక పౌను రాసుకున్నారు. నెల తిరిగేసరికి మూడు వందల మంది దాకా చేరారు. బాగానే ఉందనుకున్నారు.

ఇక్కడే తిరకాసు వచ్చింది. పేరు రాయడం వేరు, డబ్బు ఇవ్వడం వేరు. ప్రతినెలా ఒక్కొక్కరి ఇంటికీ నాలుగేసి సార్లు తిరగాలి. తిరగడానికి గుమాస్తాను పెట్టుకోవాలి. గుమాస్తాకు జీతం ఇవ్వాలి. చందా వసూలుకే చందా అంతా ఖర్చయ్యేలా కనిపించింది. చివరికి నెలవారీ మానేసి, ఏడాదికి ఒకేసారి, ముందుగానే, తక్కువలో తక్కువ మూడు పౌన్లు ఇవ్వాలని మార్చుకున్నారు.

ఆ వసూళ్ల ప్రయాణంలో జరిగిన ముచ్చట ఒకటి ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నారు. టోంగాట్ అనే ఊళ్లో ఒకాయన ఇంట దిగారు. ఆయన ఆరు పౌన్లు ఇస్తాడని వీళ్ల ఆశ. మూడుకు మించి ఇవ్వనని ఆయన పట్టు. రాత్రి పొద్దుపోయింది. అందరికీ ఆకలి. అయినా డబ్బు తేలందే విస్తరి ముందు కూర్చోకూడదని వీళ్ల నియమం. ఊళ్లో వర్తకులు వచ్చి చెప్పి చూశారు. ఆయన కదల్లేదు, వీళ్లూ కదల్లేదు. తెల్లవార్లూ అలాగే కూర్చున్నారు. కోపంతో కుతకుతలాడినవాళ్లు ఉన్నారు గాని నోరు జారినవాడు లేడు. తూరుపు తెల్లబడే వేళకు ఆ గృహస్థు మెత్తబడి, ఆరు పౌన్లూ చేతిలో పెట్టి, అందరికీ విందు చేశాడు. అన్నం పెట్టిన తరవాత అలకలేముంటాయి? ఈ కబురు చుట్టుపక్కల ఊళ్లకు పాకి, తరవాతి వసూళ్లు సుళువయ్యాయట.

ఈ కథ చెప్పి చాలామంది గాంధీగారి పట్టుదలను మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది ఇంకోటి. నేటాల్‌లో ఇచ్చినవాళ్లెవరూ రసీదు కావాలని అడగలేదు. ఈయన బలవంతంగా చేతిలో పెట్టేవాడు. పైసకు పైస లెక్క రాయించేవాడు. అప్పు చేసి ప్రజల పని చేయకూడదన్నాడు. లెక్క చక్కగా లేని చోట సత్యం నిలవదన్నది ఆయన సిద్ధాంతం. అంతటితో ఆగలేదు. సంస్థలు పెద్ద నిధి పోగేసుకుని వడ్డీ మీద బతకకూడదని కూడా ఆయన తరవాత తేల్చారు. వడ్డీ వచ్చేవాడికి జనంతో పనేముంది? ఏటేటా జనం దగ్గరికి వెళ్లి చేయి చాపాలి. ఇస్తే మన పని వాళ్లకు నచ్చినట్టు, ఇవ్వకపోతే సంస్థ మూసుకోవలసిందే. అంటే చందా పుస్తకం డబ్బు తెచ్చే సాధనమే కాదు, పరీక్ష పేపరు కూడానన్నమాట.

దీనికి కొద్ది ఏళ్ల ముందే అమెరికాలో ఇంకో చిత్రం జరిగింది. న్యూయార్కు రేవులో నిలబడిన స్వేచ్ఛాదేవత విగ్రహం ఫ్రాన్సు ప్రజలు కానుకగా ఇచ్చింది. కింద పీఠం కట్టుకోవడం అమెరికావాళ్ల వంతు. కోటీశ్వరులున్న దేశం కదా, పీఠానికి డబ్బు చాలలేదు! ఇంకా లక్ష డాలర్లు కావాలి. పనులు ఆగిపోయాయి. అప్పుడు 1885 మార్చిలో పులిట్జర్ అనే పత్రికాధిపతి తన "వరల్డ్" పత్రికలో జనానికి విన్నపం చేశాడు. ఎంత ఇచ్చినా సరే, ఇచ్చినవాడి పేరు పత్రికలో అచ్చు వేస్తానన్నాడు.

ఇంక చూడండి. అయోవా రాష్ట్రంలో ఒక శిశుతరగతి పిల్లలు డాలరు ముప్పై అయిదు సెంట్లు పంపారు. సరదాలు మానుకుని కూడబెట్టిన అరవై సెంట్లు పంపింది నా అన్నవాళ్లు లేని ఒక అమ్మాయి. ఆగస్టు నాటికి లక్షా ఇరవై వేలమందికి పైగా ఇచ్చారు. లక్ష డాలర్లు దాటాయి. వీళ్లలో చాలామంది ఇచ్చింది డాలరు లోపే. 1886 అక్టోబరు 28న విగ్రహం ఆవిష్కరించారు. పులిట్జర్ పత్రికకు పాఠకులూ బాగా పెరిగారనుకోండి. పుణ్యం, పురుషార్థం అంటే ఇదే. అయినా ఆయన కనిపెట్టిన కిటుకు గొప్పది. కోటీశ్వరుడి పేరు అచ్చులో వస్తే వింతేం లేదు. అరవై సెంట్ల పిల్ల తన కబురు పత్రికలో చూసుకున్న ఉదయాన ఆ విగ్రహం ఆమెది అయిపోయింది.

మన బెజవాడకు వద్దాం. 1921 మార్చి ఆఖరున, ఏప్రిల్ ఒకటిన అఖిల భారత కాంగ్రెసు సంఘం ఇక్కడ సమావేశమైంది. పింగళి వెంకయ్యగారి జెండా ముచ్చట అందరికీ తెలిసిందే. ఆ సభలోనే ఇంకో నిర్ణయం జరిగింది. కీర్తిశేషులు తిలక్‌గారి పేరిట స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చేయాలి. గడువు జూన్ 30. మూణ్నెల్లు! బంగారం తులం ఇరవై, ముప్పై రూపాయలుండే కాలంలో కోటి రూపాయలంటే నవ్వినవాళ్లుంటారు. గడువు నాటికి కోటి సమకూరింది. తరవాత లెక్కలెక్కడ అని అడిగినవాళ్లూ లేకపోలేదు. అడగాలి కూడా. ఇచ్చినవాడికి అడిగే హక్కు లేకపోతే అది చందా కాదు, కప్పం.

ఆ రోజుల్లోనే గాంధీగారు కాకినాడ వచ్చారు. పన్నెండేళ్లయినా నిండని ఒక పిల్ల, దేవదాసీలకూ ముస్లిం స్త్రీలకూ ఆయన మాటలు వినిపించాలని పట్టుపట్టింది. అయిదు వేల రూపాయలు నిధికి ఇస్తే కాసేపు సమయం ఇప్పిస్తామన్నారు పెద్దలు. దేవదాసీలు ఆ డబ్బు సమకూర్చారు. వచ్చిన గాంధీగారు అనుకున్నదానికన్నా ఎక్కువసేపే మాట్లాడారు. వాళ్లు నగలు తీసి ఇచ్చారు. ఆ పిల్ల తన చేతి గాజులూ ఇచ్చేసింది. ఆమె దుర్గాబాయి. పెద్దయ్యాక మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించిన మహాతల్లి. సంఘం ఏ పేరంటానికీ పిలవని ఆడవాళ్లను ఒక మహానుభావుడు సాటి మనుషులుగా ఎదుట కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. అయిదు వేలకు వాళ్లకు దక్కింది అది. అలాంటి లావాదేవీకి రసీదు ఏ కాగితం మీద రాస్తారు?

డబ్బు లేనివాళ్లు ఇవ్వలేరనుకోకండి. మిజోరంలో 1910 నుంచి చర్చి ఆడవాళ్లు ఒక ఆచారం పాటిస్తున్నారు. పూటపూటా వంటకు బియ్యం తీసినప్పుడు ఒక పిడికెడు పక్కన వేస్తారు. దాన్ని పోగుచేసి అమ్ముతారు. పిడికెడు బియ్యంతో సంసారం ఆగిపోదు. ఏడాది తిరిగేసరికి ఆ పిడికిళ్లే కొండంత అవుతాయి. మన దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినప్పుడు ఎన్.టి.ఆర్., ఏయన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. వాళ్ల జోలెలో నోట్లతో పాటు చిల్లర డబ్బులూ పడ్డాయి.

ఇప్పుడు జోలె ఫోనులోకి వచ్చింది. 2016లో యూపీఐ వచ్చాక టీకొట్టు దగ్గర పది రూపాయలిచ్చినంత తేలికగా ఆస్పత్రికీ అనాథాశ్రమానికీ ఇవ్వొచ్చు. గాంధీగారి గుమాస్తా బెడద తీరిపోయింది. ఒకసారి ఒప్పుకుంటే నెలనెలా డబ్బు దానంతటదే వెళుతుంది. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు, అలా డబ్బు తీసుకోవడానికి 24 గంటల ముందు కార్డుదారుకు కబురు చేయాలని నియమం పెట్టింది. సంస్థలు కొన్ని గొణుక్కున్నాయి. నాకైతే నచ్చింది. ఇచ్చేవాడు నిద్రలో ఇవ్వకూడదు, మెలకువలో ఇవ్వాలి.

2014లో నెత్తిన మంచునీళ్లు పోసుకునే సరదా ఒకటి అమెరికాలో మొదలై లోకమంతా తిరిగింది. ఎ.ఎల్.ఎస్. అనే నరాల జబ్బు మీద పనిచేసే సంఘానికి ఎనిమిది వారాల్లో 11 కోట్ల 50 లక్షల డాలర్లు వచ్చాయి. మన హైదరాబాదులో ఒక జర్నలిస్టు, నీళ్లెందుకు పారబోయడం అని, బకెట్ బియ్యం ఇరుగుపొరుగు పేదలకిచ్చి ఫోటో పెట్టమన్నారు. బియ్యం అనేసరికి తెలుగువాళ్లకు ఎక్కడలేని ఉత్సాహం! మంచునీళ్ల డబ్బు ఊరికే పోలేదు. దాని సాయంతో జరిగిన పరిశోధనలో, ఆ జబ్బుతో సంబంధమున్న ఒక జన్యువును గుర్తించామని 2016లో ప్రకటించారు. నేను గొప్ప అనేది ఆ ప్రకటననే. మీరు తడిసినందుకు ఇదిగో ఫలం అని చెప్పారు.

అందరూ చెప్పరు. ఆ మధ్య ఒక పసివాడి ఆపరేషనుకు నేనూ ఫోనులో కొంత పంపాను. మర్నాడు కృతజ్ఞతలకు బదులు ఇంకో పసివాడి ఫోటో వచ్చింది. ఎల్లుండి ఇంకోటి. వారం తిరిగేసరికి ఏడు విన్నపాలు. మొదటి పసివాడు లేచి తిరుగుతున్నాడో లేదో చెప్పినవాడు లేడు. నేను వాళ్లకు మనిషిని కాను, మీట నొక్కే బొటనవేలిని. ఆ తరవాత ఫోటో వస్తే చూడకుండా తీసేయడం అలవాటైంది. నష్టం నాకు కాదు సుమండీ. ఎనిమిదో ఫోటోలో నిజంగా ప్రాణం మీదికొచ్చిన బిడ్డ ఉండవచ్చు. ఎవరో చెప్పని ఒక్క మాటకు శిక్ష ఆ బిడ్డకు పడుతుంది.

అందుకని చందాలడిగే మహాశయులకు ఒక మనవి. వెబ్‌సైటు ఎంత అందంగా ఉన్నా, ఇరవై గళ్ల దరఖాస్తు నింపమంటే దాత పారిపోతాడు. పేరూ, మొత్తమూ అడగండి, చాలు. డబ్బు అందిన వెంటనే రసీదు పంపండి, అందులో పేరు తప్పు లేకుండా రాయండి. మూణ్నెల్లకు ఒక ఉత్తరం ముక్క రాయండి, అందులో మాత్రం డబ్బు అడక్కండి. పని చెడితే చెడిందని చెప్పండి. అప్పుడు మళ్లీ అడగండి, తప్పులేదు. వందిచ్చినవాడికీ లక్షిచ్చినవాడికీ ఒకటే నమస్కారం పెట్టండి. నూట ముప్పై ఏళ్ల కిందట నేటాల్‌లో రసీదు వద్దన్నవాళ్ల చేతిలోనూ రసీదు పెట్టారు. ఇప్పుడు కావాలని అడుగుతున్నవాళ్లం ఇంతమందిమి ఉన్నాం.