అడవిలో ఋణపు బాట

బాటలు, వంతెనలు, వనములు పేరుచెప్పి బీదదేశములు పరదేశములనుండి తెచ్చుకొను ఋణములను గూర్చి మన పాఠకులు తఱచుగ వినుచున్నారు. అట్టి ఋణము అడవిలో నెట్లు పనిచేయునో తెలియగోరువారికి బ్రెజిలు దేశపు రొండోనియా వృత్తాంతముకంటె స్పష్టమైన నిదర్శనము మాకు గానరాలేదు.

రొండోనియా అమెజాను మహారణ్యమునకు నైఋతి దిక్కున, బొలీవియా సరిహద్దున గలదు. 1970లో నచట లక్షకు గొంచెము మించిన జనులు మాత్రమే యుండిరి. ఆ దశాబ్దమున దక్షిణరాష్ట్రమైన పరానాలో కాఫీతోటలు పోయి సోయాచిక్కుడు పొలములు వచ్చెను. యంత్రములతో సాగగు పొలములకు కూలివాండ్రతో నేమి పని? బ్రతుకుదెరువు పోయిన కుటుంబములకు బ్రెజిలు ప్రభుత్వము రొండోనియా యడవిని జూపెను. పెద్ద భూస్వాముల జోలికి బోక బీదలను దృప్తిపఱచుటకు ఇంతకంటె సులభమైన యుపాయము ఏ ప్రభుత్వమునకును దొరకదు!

కుయియబానుండి పోర్టో వెల్యోవఱకు సుమారు 1,500 కిలోమీటర్ల మట్టిబాట యుండెను. వానకాలమున నది బురదయే. దానిని తారుబాటగా మార్చి, దాని కిరుప్రక్కల జనులను స్థిరపఱచు ప్రణాళికకు ప్రపంచబ్యాంకు 1981 మొదలుకొని 40 కోట్ల డాలర్లకు మించి ఋణమిచ్చెను. ఋణపత్రములను మాత్రము మనము నిందింపరాదు. ఆదిమజాతుల భూములకు హద్దులు నిర్ణయించుట, అడవులను గాపాడుట, వైద్యశాలలు, భూసార పరిశోధన, అన్నియు నందు వ్రాయబడియే యున్నవి. కాని బాటకు గుత్తదారులు గలరు. వేసిన దూరమును గొలిచి బిల్లు వ్రాయవచ్చును. ఆదిమజాతివాని హద్దురాతికై తొందరపెట్టువా డెవడు? బాట 1984లో ముగిసెను, తక్కినవి కుంటుచుండెను. నంబిక్వారాల దుస్థితిని గూర్చి డేవిడ్ ప్రైస్ అను మానవశాస్త్రజ్ఞుడు 1980లోనే బ్యాంకును హెచ్చరించి యుండెను. ఆయన మాట చెల్లలేదు.

మా పల్లెలలో బావికని యప్పిచ్చు షావుకారు పత్రమున బావి లోతును వ్రాయించుకొనును గాని, నీరు పడినదా యని చూడబోడు. ఈ బ్యాంకును నట్లే చేసినదని మాకు దోచుచున్నది.

అడవి పచ్చదనము నేల బలమును దెలుపునని యెంచుట పొరపాటు. ఆ వర్షారణ్యమున సారమెక్కువగా చెట్లలోనే యుండును. రాలిన యాకు క్రుళ్లి మరల వేళ్లకే చేరును. చెట్లు నఱికి కాల్చినచో బూడిదబలముచే రెండుమూడు పంటలు పండును, పిమ్మట గడ్డి. అడవి నఱకుటయే స్వాధీనమునకు సాక్ష్యముగా నెంచబడుటచే, నఱికినవానికే హక్కు గలిగెను. మలేరియా యిల్లిల్లు దూఱెను. ఎందఱో తమ నేలను పశువుల యజమానులకు విక్రయించి మఱింత లోపలి యడవిని నఱకబోయిరి. 1991 నాటికి జనసంఖ్య 11 లక్షలు దాటెను.

1985 మార్చిలో బ్యాంకు చెల్లింపులను నిలిపెను. అప్పటికి బాట పూర్తియైనది. 1987లో బ్యాంకు అధ్యక్షుడు బార్బర్ కోనబుల్ ఈ తప్పిదమును బహిరంగముగ నంగీకరించెను.

అదే బాటను ఆక్రి రాష్ట్రములోని రియో బ్రాంకోవఱకు బొడిగించుటకు మఱియొక బ్యాంకు, అంతర అమెరికా అభివృద్ధి బ్యాంకు, ఋణమిచ్చుచుండెను. అచటి రబ్బరుపాలు తీయువారి నాయకుడు షీకో మెండిస్ 1987లో మయామీ నగరమునకు బోయి ఋణదాతలను గలిసికొనెను. ఆయన బాటనే వలదనలేదు. ముందుగ తమవారి యడవిహక్కును స్థిరపఱపుమనెను. 1988 డిసెంబరు 22న షపురీలో, తన యింటి పెరటి గుమ్మమున, ఆయనను గాల్చి చంపిరి. 1990లో ఆయన పేర 9 లక్షల హెక్టారులకు మించిన యడవి, చెట్టు నఱకక దాని ఫలసాయముతో జీవించువారికై, ప్రత్యేకింపబడెను.

1992లో రొండోనియాకు ప్రపంచబ్యాంకు మరల 16.7 కోట్ల డాలర్ల ఋణమిచ్చెను. ఈసారి యుద్దేశము, తొలిఋణముచే గలిగిన చెఱుపును సవరించుట! మూడేండ్లకే, 1995లో, రబ్బరుపాలు తీయువారును తక్కిన స్థానికసంఘములవారును గూడి, పత్రమున వ్రాసినది నేలమీద జరుగుట లేదని ఆ బ్యాంకు తనిఖీమండలికే ఫిర్యాదు పంపుకొనిరి.