పనిముట్లు – మెదడులోని శరీర పటం

పనిముట్టు వాడేటప్పుడు మెదడు దాన్ని ఒంటిలో భాగంగా లెక్కవేసుకుంటుందా అన్నది నాడీశాస్త్రంలో పాత చర్చ. 1911లో బ్రిటిష్ వైద్యులు హెన్రీ హెడ్, గోర్డన్ హోమ్స్, మెదడు దెబ్బతిన్న రోగులను పరీక్షించి, ఒంటి భంగిమను ఎప్పటికప్పుడు సరిచూసుకునే ‘స్కీమా’ ఒకటి ఉంటుందన్నారు. అది దొరసాని టోపీలోని ఈక దాకా సాగగలదని కూడా రాశారు. న్యూరాన్ల స్థాయిలో ఆధారం దొరకడానికి మరో ఎనభై అయిదేళ్లు పట్టింది.

1996లో జపాన్‌లో అట్సుషి ఇరికి బృందం, అందనంత దూరంలోని తిండిని అడ్డపలక ఉన్న కర్రతో లాక్కోవడం కోతులకు నేర్పింది. మెదడు పెరైటల్ భాగంలో కొన్ని న్యూరాన్లు చేతిని తాకినా స్పందిస్తాయి, చేతి దగ్గర ఏదైనా కనబడినా స్పందిస్తాయి. కోతి కర్రతో తిండి లాగాక, ఆ న్యూరాన్లు కర్ర పొడవునా కనిపించే వస్తువులకూ స్పందించాయి. పని ఆపిన కొద్ది నిమిషాలకు ఆ పరిధి తగ్గిపోయింది. కర్రను ఊరికే పట్టుకుని కూర్చున్నప్పుడు మాత్రం ఏ మార్పూ లేదు. ప్రయోగానికి అసలు బలం ఇక్కడే ఉంది: లెక్కకు వచ్చేది వాడకమే, పట్టుకోవడం కాదు.

మనుషుల విషయంలో 2000లో ఇటలీకి చెందిన అన్నా బెర్తి, ఫ్రాంచెస్కా ఫ్రస్సినెట్టి ఒక రోగిని పరీక్షించారు. మెదడు కుడివైపు దెబ్బతినడంతో ఆమెకు దగ్గరున్న వాటిలో ఎడమవైపు ధ్యాసలోకి రాదు. గీతకు నడిమధ్య గుర్తు పెట్టమంటే కుడికి జరిపేది. దూరంగా ఉన్న గీతపై లేజర్ వెలుగుతో చూపమంటే ఆ తప్పు కనిపించలేదు. అదే గీతను పొడుగు కర్రతో చూపమనగానే మళ్లీ వచ్చింది. కర్ర అందిన మేరా మెదడుకు ‘దగ్గర’ అయిపోయిందన్నమాట.

2009లో ఫ్రాన్స్‌లో లుచిల్లా కార్దినాలి బృందం చేసిన పరీక్షలో, పొడుగు పట్టుకర్ర వాడినవాళ్లు దాన్ని వదిలేశాక కూడా, చెయ్యి పొడుగైనట్టే కదిలించారు.

అందరూ ఒప్పుకోలేదు. కర్ర కొస మీదికి ధ్యాస మళ్లడమే ఇలాంటి ఫలితాల్లో కొన్నింటికి కారణమని నికొలస్ హోమ్స్ అనే పరిశోధకుడు వాదించాడు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టెయ్యలేం. అయితే 2018లో ల్యూక్ మిల్లర్ బృందం కళ్లతో ప్రమేయం లేని దారి పట్టింది. కర్రకు ఎక్కడ ఏది తగిలిందో చూడకుండానే మనుషులు దాదాపు సరిగ్గా చెప్పగలిగారు. తగిలిన చోటును బట్టి కర్ర అదురు మారుతుంది. చేతి చర్మంలోని గ్రాహకాలు ఆ తేడాను పట్టి మెదడుకు అందించగలవు.